ఆరు సెకన్ల ఊపిరి

మార్కాపురం చుట్టుపక్కల ఒక కాగితం విలువైందని తెలిస్తే చాలు, దాన్ని లామినేషన్ చేయించేదాకా జనానికి కంటి మీద కునుకుండదు. ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, పెళ్లి ఫోటో, ఎప్పుడో పోయిన తాత ఓటరు కార్డు, అన్నీ జెరాక్స్ దుకాణంలో ప్లాస్టిక్ తొడుక్కుని నూరేళ్లు బతకడానికి తయారవుతాయి. యోబు కూడా అదే పని చేశాడు. పద్దెనిమిదేళ్లుగా బైబిల్లో దాచుకున్న ఊపిరి పరీక్ష కాగితం, అక్షరాలు వెలిసిపోతున్నా ఇంకా కనబడుతూనే ఉన్న కాగితం. ఆఫీసులో చూపించాలన్నారు కదా, చెమట తగిలి పాడవుతుందేమోనని బేస్తవారిపేటలో లామినేషన్ చేయించాడు. వేడి మిషన్లో దూరి అవతలికి వచ్చేసరికి అది బొగ్గులా నల్లబడిపోయింది.

ఆ నల్ల ముక్కను లీదియా రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. వంచి చూసింది, పక్కకు తిప్పి చూసింది. చదవడానికి ఏమీ మిగల్లేదు.

"ఇది మామూలు కాయితం గాదు పెదనాయనా. సిరా ఉండదు దీనికి, వేడితోనే అక్షరాలు పడతాయి. ఇంగ దీన్ని తీసకపోయి వేడి మిషన్లో పెడితే ఏమయితాది?"

"నాకేం తెలుసమ్మా." యోబు ఆగాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగాలి. "ఆ షాపాయనక్కూడా తెలీదంట. పాపం, డబ్బులు గూడా వద్దన్నాడు."

కంభం రోడ్డులో ఉన్న ఆ చిన్న ధర్మాసుపత్రిలో లీదియా పని ఊపిరి పరీక్షలు చేయడం. అట్టగొట్టం నోట్లో పెట్టి, ముక్కుకు క్లిప్పు తగిలించి, "ఊదు, ఊదు, ఊదు, ఇంకా ఊదూ" అని కేకలేస్తూ పద్దెనిమిదేళ్లు గడిపింది. వీధి చివరి పిల్లలు ఆమెను చూడగానే బుగ్గలు పొంగించి ఊదినట్టు నటిస్తారు. ఆమె కూడా నవ్వుతుంది. కానీ ఆ గదిలోకి వచ్చేవాళ్లలో సగం మంది పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసి రాతి దుమ్ము మింగినవాళ్లు, వాళ్లలో చాలామంది ఆమె పేటవాళ్లే. యోబు ఆమె తండ్రికి వరసకు అన్న. ఇరవై రెండేళ్లు కటింగ్ మిషన్ దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు గేటు దగ్గర ఆటో దిగి లోపలికి రావడానికి రెండుసార్లు కూర్చోవాలి.

అతనికి కావలసింది ఒక కార్డు. రాతి దుమ్ము రోగి అని ఆఫీసువాళ్లు కార్డు ఇస్తే, నెలనెలా పింఛను, ఇంట్లో పెట్టుకోవడానికి ఒక ఆక్సిజన్ మిషను వస్తాయి. ఇప్పటి ఊపిరి పాతిక శాతం కూడా లేదని డాక్టరు రాసిచ్చాడు. అయితే కార్డులిచ్చే కమిటీలో ఒకాయన, ఇది బీడీల వల్ల వచ్చిందేమో, పాత క్షయ వల్ల వచ్చిందేమో, ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే ఊపిరి తగ్గిందని చూపించే పాత పరీక్ష ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్లయింది. ఆ జాగాలో పెళ్లిళ్ల హాలు వెలిసింది, హాజరు పుస్తకాలు పాతసామాన్ల వాడి తక్కెడలోకి వెళ్లిపోయాయి. మిగిలింది ఈ కాగితం ఒక్కటే, దానికి శుక్రవారం ఆఖరు రోజు. ఇవాళ బుధవారం.

"నువ్వేం దిగులు పడాకు పెదనాయనా. అప్పుడు మీ ఫ్యాక్టరీకి వచ్చి ఆ పరీక్ష చేసింది నేనే. మా కంప్యూటర్లో ఉంటాది."

మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకు గుర్తొచ్చింది, అది ఉన్నది పాత కంప్యూటర్లో. ఆ పాత కంప్యూటర్ రెండు నెలల కిందట పిడుగు పడ్డ రోజున కాలిపోయి, చీరముక్క కప్పుకుని టేబుల్ కింద పడి ఉంది. టేబుల్ మీద కొత్తది మెరుస్తోంది. కొత్త ప్రోగ్రాం చాలా తెలివైనది, గీతలకు రంగులేస్తుంది, రిపోర్టును ఫోనుకు పంపుతుంది. కాకపోతే దానికి రెండు నెలల నుంచి వచ్చిన మనుషులు తప్ప ఎవరూ తెలియరు.

కంప్యూటర్ల దుకాణం సాయిరాఘవకు ఫోన్ చేసింది. వాళ్ల నాన్న బెల్లం, చింతపండు అమ్మిన దుకాణంలోనే అతను ఇప్పుడు కంప్యూటర్లు అమ్ముతున్నాడు. ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు, లేని ఆశ పెట్టడు. టేబుల్ కిందినుంచి పాత డబ్బా లాగి, దుమ్ము ఊది, లోపలి డిస్కు తీసి తన వైరుకు తగిలించుకున్నాడు.

"డిస్కు బతికే ఉందక్కా."

లీదియా చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"ఉండక్కా. లెక్కలన్నీ ఉన్నాయి గానీ, అవి ఈ పాత ప్రోగ్రాంకు తప్ప ఇంగ దేనికీ అర్థం గావు. ఈ ప్రోగ్రామేమో చానా ముసలిది. కొత్త కంప్యూటరు దీన్ని గడప తొక్కనీదు."

అన్నట్టే జరిగింది. ప్రోగ్రాంను కొత్తదాంట్లోకి ఎక్కించి నొక్కితే, ఇది ఈ కంప్యూటర్లో నడవదని తెర మీద ఒక హెచ్చరిక డబ్బా వచ్చింది. పాత పద్ధతిలో నడపమని బతిమాలితే, నల్లటి కిటికీ ఒకటి మెరిసి మాయమైంది. మిషన్ అమ్మిన కంపెనీ నంబరుకు చేస్తే, ఆ నంబరు ఇప్పుడు హైదరాబాదులో ఎవరో పూలు అమ్మే ఆయనది. బుధవారం అట్లా గడిచిపోయింది. యోబు వరండాలో బెంచీ మీద కూర్చుని, లోపలినుంచి ఏ చప్పుడు వచ్చినా తల ఎత్తి చూసి, సాయంత్రం బస్సుకు పోయాడు.

గురువారం పొద్దున్నే సాయిరాఘవ ఇంకో ఉపాయంతో వచ్చాడు.

"కొత్తదాని లోపలే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు మాయ చేయాలక్కా. అప్పుడు ఆ ప్రోగ్రాము తన ఇంట్లోనే ఉన్నాననుకుంటాది. పక్కన మీ కొత్త ప్రోగ్రాం పని అది చేసుకుంటాది."

మధ్యాహ్నం పన్నెండున్నరకు తెర మీద ఒక మూల చిన్న కిటికీ తెరుచుకుని, దాంట్లో పాత కంప్యూటర్ తన పాత పచ్చిక బొమ్మతో, పాత చప్పుడుతో లేచింది. ఆ చప్పుడు వినగానే లీదియాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ప్రోగ్రాం తెరిస్తే, దాని గడువు పోయిన నెలే తీరిపోయిందని మొండికేసింది. సాయిరాఘవ ఒక్క నిమిషం గడ్డం గోక్కుని, పాత కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పాడు. 2007 డిసెంబరు. ఆ తేదీ చూసుకుని ప్రోగ్రాం కిమ్మనకుండా తెరుచుకుంది.

"ఈ చిన్న కిటికీలో ఏం చేసినా 2007లో చేసినట్టే పడతాది, చూసుకో అక్కా," అని చెప్పి, పాత ఊపిరి మిషన్ తీగ కూడా ఒక కన్వర్టర్ పెట్టి కలిపి, అది కూడా పలుకుతోందని చూపించి, దుకాణంలో బేరమొచ్చిందని వెళ్లిపోయాడు.

పొద్దున్నే మళ్లీ వచ్చి వరండాలో కూర్చున్న యోబును లీదియా లోపలికి పిలిచి పక్కన కుర్చీ వేసింది. తెరకు ఒక పక్క కొత్త ప్రోగ్రాంలో ఇవాళ రావలసిన రోగుల పేర్లు, ఇంకో పక్క 2007లో ఫ్యాక్టరీ షెడ్డులో ఊదినవాళ్ల పేర్లు. ఎనభై మూడు మంది. ఆమె ఒక్కొక్క పేరూ చదువుతూ కిందికి జరిపింది. వాళ్లలో ఎంతమంది సమాధి ఆరాధనల్లో తను పాటలు పాడిందో ఆమెకు తెలుసు. నలభై ఒకటో వరసలో యోబు పేరు కనబడింది.

"దొరికినావు పెదనాయనా!"

యోబు ముఖం వెలిగింది. చేతిని ఎదురు రొమ్ము మీద పెట్టుకుని, "స్తోత్రం," అన్నాడు.

ఆమె పేరు మీద నొక్కింది. గీత వచ్చింది. నున్నగా పైకి లేచి, హాయిగా చదునై, చివరిదాకా సాగిన గీత. దాని కింద అంకె, తొంభై ఆరు శాతం.

లీదియా పేరు మళ్లీ చూసింది. వయసు, ఎత్తు చూసింది. అన్నీ యోబువే. తొంభై ఆరు శాతమంటే పొలంలో పరుగెత్తే మనిషి ఊపిరి. 2007 నాటికే యోబు రాత్రుళ్లు దగ్గి దగ్గి పేటనంతా లేపేవాడు, ఆమె చెవులారా విన్నది. ఈ కాగితం తీసుకుని పోతే, ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ నువ్వు గుండ్రాయిలాగ ఉన్నావని కమిటీవాళ్లే సంతకం పెట్టి ఇంటికి పంపిస్తారు.

"పెదనాయనా, ఇదేంది? నువ్వు అప్పుడు బాగున్నట్టు ఉంది ఇందులో."

యోబు తెర వైపు చూశాడు, నేల వైపు చూశాడు. తర్వాత చెప్పాడు, ఆగి ఆగి.

"ఆ పొద్దు ఊదింది నేను గాదమ్మా. అబ్రహాము ఊదినాడు."

అబ్రహాము అతని తమ్ముడు. ఆ యేడే ఫ్యాక్టరీలో చేరాడు.

"ఊపిరి లేనోళ్లను మిషన్ కాడ్నుంచి తీసేస్తారని చెప్పుకున్నారు అందరూ. తీసేస్తే ఎట్ల బతికేది? నా పేరు పిలిచినప్పుడు వాన్ని పంపినా." ఊపిరి అందక మళ్లీ ఆగాడు. "పేరు నాదే గదమ్మా. ఆఫీసోళ్లు పాత కాయితం తెమ్మన్నారు. కాయితం ఉంటే చాలనుకున్నా. దాంట్లో ఏముందో నాకేం తెలుసు?"

లీదియా జాబితా కిందికి జరిపింది. యాభై ఏడో వరసలో అబ్రహాము. తొంభై ఏడు శాతం, అదే నున్నటి గీత. పక్కపక్కన పెడితే ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి.

అప్పుడు ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండునని కూడా అనిపించింది. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. షెడ్డు బయట ఎనభై మూడు మంది వరస, పన్నెండింటికి కరెంటు పోతుందని మేనేజరు తొందర. నీలం చొక్కాలో అబ్రహాము రెండోసారి వచ్చి కూర్చుంటే, నువ్వు ఇందాకే ఊదినావు కదా అని అడగబోయి, "ఎవరో ఒకరు ఊదండి, లైను కదలనీండి" అని కసిరింది. తెలిసే కసిరింది. ఎవరికి ఏం నష్టమని అనుకుంది. ఆ ఒక్క మాట పద్దెనిమిదేళ్లు డిస్కులో పదిలంగా కూర్చుని, ఇప్పుడు లేచి ఆమె ముందే నిలబడింది. లీదియాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను రాసిస్తా పెదనాయనా. ఆ పరీక్ష తప్పని, వేరే మనిషి ఊదినాడని, నాదే తప్పని రాసి సంతకం పెడతా."

"రాసిస్తే స్టీఫెన్ సంగతేమయితాది?"

పోయిన యేడు పక్క వీధి స్టీఫెన్‌కు, ఇంకో ఐదుగురికి కార్డులు వచ్చింది ఈ షెడ్డు పరీక్షల కాగితాలు చూపించే. స్టీఫెన్ ఇప్పుడు రాత్రంతా ఆక్సిజన్ మిషన్ పక్కనే పడుకుంటాడు. ఆ రోజు పరీక్షల్లో మనుషులు మారారని ఆసుపత్రే రాసిస్తే, కమిటీ అందరివీ మళ్లీ తిరగేస్తుంది.

లీదియా లేచి గది తలుపు దగ్గరికి వేసింది. పద్దెనిమిదేళ్లలో ఆమె ఒక్క అంకె మార్చలేదు. బంధువులు అడిగారు, ఒకసారి ఫ్యాక్టరీవాళ్లు కూడా అడిగారు, మార్చలేదు. ఇప్పుడు బీరువాలోంచి పాత ఊపిరి మిషన్ గొట్టం తీసి, కొత్త అట్టగొట్టం తొడిగింది.

"ఈ చిన్న కిటికీలో ఇంకా 2007 నడుస్తాంది పెదనాయనా. ఇప్పుడు ఊదినా ఆ తేదీ మీదనే పడతాది. నీ ఊపిరి నువ్వే ఊదు. అప్పుడు ఊదాల్సింది ఇప్పుడు ఊదుతున్నావు, అంతే."

"తప్పు గాదామ్మా?"

"తప్పే. ఊదు."

ముక్కుకు క్లిప్పు పెట్టింది. పాత ప్రోగ్రాం గంట మోగించింది. యోబు ఛాతీ నిండా ఎంత వస్తే అంత పీల్చి ఊదాడు. లీదియా మెల్లగా, బయటికి వినబడకుండా, "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అంటోంది. గీత కాస్త లేచి, రెండు సెకన్లలో చచ్చుబడిపోయింది. యోబు దగ్గాడు. ప్రోగ్రాం ఎర్రటి డబ్బా చూపించింది. ఆరు సెకన్లు ఊదలేదు, పరీక్ష చెల్లదు, మళ్లీ ఊదించండి.

అది ఆ ప్రోగ్రాం నియమం. ఆరు సెకన్లు ఆపకుండా ఊదితేనే అది పరీక్షగా ఒప్పుకుంటుంది, దాచుకుంటుంది. కొత్త ప్రోగ్రాం కొంచెం దయగలది, ముసలివాళ్లు మూడు సెకన్లు ఊదినా రాసుకుంటుంది. కానీ కొత్తది ఇవాళ్టి తేదీ తప్ప ఇంకేదీ వెయ్యదు. తేదీ మార్చగలిగేదానికి కనికరం లేదు, కనికరం ఉన్నదానికి తేదీ మారదు. రెండూ ఒకే తెర మీద పక్కపక్కనే కూర్చుని ఆమెను చూస్తున్నాయి.

రెండోసారి ఊదాడు. రెండున్నర సెకన్లు. మూడోసారి ఊదేముందు చాలాసేపు కూర్చున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదాలు నేరేడు పండు రంగుకు వచ్చాయి. మూడు సెకన్లు. ఎర్ర డబ్బా. నాలుగోసారి గొట్టం నోటి దగ్గరికి తీసుకోబోతుంటే లీదియా లాగేసుకుంది.

"చాలు పెదనాయనా. చచ్చిపోతావు."

ఆరోగ్యవంతుడి దొంగ ఊపిరిని ఒక్క నిమిషంలో తీసుకున్న మిషన్, రోగి నిజం ఊపిరిని మూడుసార్లు వెనక్కి కొట్టింది. ఊపిరి లేదని రుజువు చేసుకోవడానికి కావలసినంత ఊపిరి కూడా యోబు దగ్గర మిగల్లేదు. లీదియా గొట్టానికి ఇంకో కొత్త అట్టగొట్టం తొడిగింది. తర్వాత మెల్లగా అంది.

"నేను ఊదుతా. మెల్లగా, సగం సగం, ఆరు సెకన్లు సాగదీసి ఊదుతా. ఎంత తక్కువ పడాల్నో నాకు తెలుసు."

యోబు చెయ్యి అడ్డం పెట్టాడు. అతనిలో అంత బలం ఉందని ఆమె అనుకోలేదు.

"వద్దమ్మా. ఒకసారి ఇంగొకరు ఊదినందుకే ఇట్లయింది. మళ్లీ నా పేరు మీద ఇంగొకరు ఊదొద్దు."

"మరి రేపు ఎట్ల?"

"రేపు ఏముంది. పోను."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, లీదియా ఏడుపు ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. బయట ఎవరో తలుపు తట్టి, "లీదియమ్మా, నా నంబరు వచ్చిందా?" అని అడిగారు.

ఆమె ఇటు తిరిగేసరికి యోబు కుర్చీ ముందుకు జరుపుకుని తెరకు దగ్గరగా ముఖం పెట్టి ఉన్నాడు. నలభై ఒకటో వరస గీత మీద చూపుడువేలు పెట్టి, కింది నుంచి చివరిదాకా మెల్లగా గీస్తున్నాడు.

"ఇది మా అబ్రహాముది గదా?"

"అవును."

"ఇంత ఊపిరి ఉండేదా వాడికి!"

అబ్రహాము పోయి నాలుగేళ్లు. అన్న వదిలేసిన కటింగ్ మిషన్ దగ్గరే ఫ్యాక్టరీ మూతపడేదాకా నిలబడి, అన్నకంటే ముందే పోయాడు. చివర్లో ఎట్లా అయిపోయాడంటే, పలకరించడానికి వచ్చినవాళ్ల వైపు తల తిప్పడానికి కూడా ఊపిరి కూడగట్టుకోవలసి వచ్చేది. అతనికి కార్డూ లేదు, మిషనూ లేదు. అప్పుడు అట్లాంటిది ఒకటుందని ఎవరికీ తెలియదు.

"నేనే పంపినా వాన్ని," అన్నాడు యోబు. "రెండుసార్లు ఊదరా, నీకేమయితాది అన్నా. నవ్వుకుంటా పోయినాడు."

లీదియా ఇంకో కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"ఇది అచ్చేసిస్తావామ్మా? ఆఫీసుకు గాదులే. నాకే."

ఆమె ప్రింటర్ మీద కాగితం పెట్టి అచ్చేసింది. కొత్త ప్రింటరు, తెల్లటి పెద్ద కాగితం. పైన యోబు పేరు, 2007 డిసెంబరు, తొంభై ఆరు శాతం, మధ్యలో ఆ గీత. యోబు రెండు చేతులతో అందుకుని, మడత పడకుండా బైబిల్లో పెట్టుకోబోయాడు. కాగితం బైబిల్ కంటే పెద్దది, అంచు బయటికి వచ్చింది. దాన్ని లోపలికి తోసి చూసి, వీలుకాక ఆమె వైపు తల ఎత్తాడు. ఆ ముఖంలో పొద్దున్నుంచి లేని భయం కనబడింది.

"దీన్ని లామినేషన్ చేయించొచ్చా లీదియమ్మా? ఇది గూడా నల్లగయిపోతాదా?"

"పోదు పెదనాయనా. ఇది మామూలు కాయితమే. చేయించుకో."